వంతెన అంటే… సగమే!

పోయిన వారం మీరు నన్ను ఇస్త్రీబల్ల దగ్గర వదిలేసి వెళ్ళారు. చేతిలో చెమటకి తడిసిన ఆకుపచ్చ మఫ్లరు, గుండెల్లో దడ, బయట వీధిలో జనం అరుపులు. మీరు వారం పాటు హాయిగా తిని పడుకున్నారు. నేను మాత్రం అక్కడే, అలాగే నిలబడి ఉన్నాను.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నేను పుట్టింది రేవు ఊళ్ళో, కాపురానికి వచ్చింది వంతెన ఊరికి. అక్కడి ఫుట్‌బాల్ జట్టుది ఆకుపచ్చ, ఇక్కడి జట్టుది ఎరుపు. ఈ రెండు ఊళ్ళకీ ఫుట్‌బాల్ లేకపోతే తిట్టుకోవడానికి ఇంకో కారణం వెతుక్కునేవాళ్ళు. మా మెట్టినింటి ఊరి నది మీద ఒక వంతెన ఉంది. అది నది మధ్యదాకా వచ్చి ఆగిపోయింది. రేవు వాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? "ఆ ఊరి ఫార్వర్డులు కూడా వంతెన లాంటివాళ్ళే, మైదానం సగందాకా వచ్చి నిలబడిపోతారు" అంటారు. "ఆ ఊళ్ళో ఉత్తరం వేస్తే సగం దూరం వెళ్ళి తిరిగొస్తుంది" అంటారు. ఆట రోజు స్టాండ్‌లో ఒకడు మైకు పట్టుకుని "వంతెన!" అని అరుస్తాడు. వేలమంది ఒక్క గొంతుతో "సగమే!" అంటారు. నేను బళ్ళో చదివేటప్పుడు పాఠంలో వంతెన అన్న మాట వస్తే క్లాసు క్లాసంతా "సగమే!" అని కేక పెట్టేది. పాపం పంతులమ్మ ఆ పాఠం పూర్తి చేసిన పాపాన పోలేదు. తుమ్మొస్తే ఆపుకోగలం గానీ ఇది ఆపుకోలేం. రేవు ఊళ్ళో పెరిగిన ఎవర్నడిగినా ఇదే చెప్తారు.

ఆ మైకు పట్టుకునేవాడు నా సొంత తమ్ముడు. రేవులో క్రేను నడుపుతాడు. ఆట రోజు మాత్రం ఆకుపచ్చ మఫ్లరు మొహానికి చుట్టుకుని వంతెన ఊరి పరువు తీస్తాడు. ఆ వీడియోలు ఫోన్లలో తిరిగి తిరిగి వాడికి 'మైకు' అని పేరొచ్చింది. మొహం ఎవరికీ తెలీదు. గొంతు అందరికీ తెలుసు.

ఆ మహానుభావుడు ఈ రోజు ఎవరికీ చెప్పకుండా మా ఊరొచ్చి, ఎర్రటోపీ పెట్టుకుని, ఎర్రవాళ్ళ స్టాండ్‌లోనే కూర్చుని ఆట చూశాడు. ఓడిపోతే వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో దగ్గర్నించి చూడాలట! రేవు గెలిచింది. వాడు పెదవి కొరుక్కుని కూర్చున్నాడు. అంతా బాగానే ఉంది. అప్పుడు స్పీకర్లో అన్నారు, "జనం మెల్లగా కదలండి, వంతెన వైపు గేటు తెరిచాం" అని. వంతెన అన్న మాట వినబడగానే ఆ చుట్టూ ఉన్న ఎర్రజనం మధ్యలోంచి మా వాడొక్కడే "సగమే!" అని కేక పెట్టాడు.

అలా పరుగెత్తుకుంటూ వచ్చి మా లాండ్రీ పెరటి తలుపు తోసుకుని లోపల పడ్డాడు. టోపీ ఎక్కడో పోయింది. ఒంటిమీద గళ్ళ చొక్కా. పొట్టకి చుట్టుకున్న మఫ్లరు నా చేతిలో పెట్టి, "అక్కా, చంపేస్తారే" అన్నాడు. వాణ్ణి ఆరబెట్టే గదిలో దుప్పట్ల వెనక్కి తోశాను. మఫ్లరు ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడే ముందు గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది.

మఫ్లరు తీసుకెళ్ళి తిరుగుతున్న మిషన్లో పడేశాను.

అది ఎంత తెలివితక్కువ పనో ఆ క్షణంలో తట్టలేదు. ఆ మిషన్లో ఉన్నవి హోటలు వాళ్ళ తెల్ల దుప్పట్లు. నీళ్ళు సలసల కాగుతున్నాయి. కొత్త రంగుబట్ట తెల్లవాటితో వెయ్యకూడదని ఈ ఇంట్లో కాలు పెట్టిన మొదటిరోజే అత్తగారు నేర్పిన పాఠం. భయం ముందు పాఠాలు గుర్తుంటాయా?

ముందు గదిలో కౌంటరు దగ్గర అత్తగారు కూర్చుని ఉన్నారు. ఉతికిన చొక్కాల కాలర్లకి గుర్తుముక్కలు పిన్నుతో గుచ్చుతున్నారు. ఆవిడ చేతులు ఎప్పుడూ ఖాళీగా ఉండవు, నోరు మాత్రం ఎప్పుడో గానీ తెరవరు. ఈ వీధిలో ఆవిడంటే అందరికీ భయమే. నాకైతే ఇంకా ఎక్కువ.

"పిన్నీ" అన్న పిలుపు వినబడింది.

వచ్చింది వీధి మొదట్లో తాళాలు బాగుచేసే ఆయన. ఎర్రజట్టు అభిమానులకి ఆయనే పెద్ద. గట్టిగా మాట్లాడడు, ఎవర్నీ తిట్టడు. ఆయన మెల్లగా మాట్లాడుతుంటే పక్కవాళ్ళు కేకలు ఆపేస్తారు. ఆ రోజు ఆయన వెనకాల గుమ్మం నిండా మనుషులున్నారు. ఒకడి చేతిలో జెండా కర్ర. జెండా లేదు, కర్ర మాత్రమే ఉంది.

"ఎవరో ఇటు పరుగెత్తాడు పిన్నీ. గళ్ళ చొక్కా. మైకు గాడే అనుకుంటున్నాం. ఇల్లిల్లూ అడుగుతున్నాం."

"నా ఇంటికి వచ్చేది మాసిన బట్టలే నాయనా" అన్నారు అత్తగారు, తల ఎత్తకుండా. "మనుషులు రారు."

వెనకనించి ఒకడు నవ్వాడు. "రేవు వాడైతే మాసిన బట్టే కదా! లోపలికొస్తే ముందు చేపల వాసన వస్తుంది, ఆ తర్వాత మనిషి."

"వాళ్ళ వలలో చేపలు తప్ప బంతి పడదని మనమే కదరా అన్నాం. ఇవాళ మన వలలోనే రెండు వేసి పోయారు" అన్నాడు ఇంకొకడు నీరసంగా. ఎవరూ నవ్వలేదు.

మామూలు రోజుల్లో ఈ వేళాకోళాలు నాకు అలవాటే. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ వీధిలో నన్ను 'రేవు పిల్ల' అనేవాళ్ళు. కూరగాయల కొట్టు ఆవిడ, "నీళ్ళలోంచి బయటికొస్తే ఊపిరాడుతోందా అమ్మాయ్?" అని అడిగేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు, "మీ ఊరికి సగమే గాలి ఉంది, అదే ఇబ్బంది" అనేదాన్ని. ఇద్దరం పడీ పడీ నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వులే ఇవాళ కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాయి. 

"అమ్మాయ్" అన్నాడు తాళాలాయన. నా వైపే చూస్తున్నాడు. "నీది రేవే కదూ?"

"అవునన్నయ్యా."

"నీకు తెలిసే ఉండాలి, ఈ మైకు ఎవరో."

"వాళ్ళు వేలమంది అన్నయ్యా. ఆడపిల్లని, నాకేం తెలుస్తుంది?" అన్నాను. నా గొంతు నాకే వేరే మనిషిదిలా వినిపించింది. చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. కింద చొక్కా మాడుతోందని వాసన వచ్చేదాకా తెలీలేదు. గబుక్కున పెట్టె ఎత్తాను. ఎవరిదో పాపం, మంచి చొక్కా. వీపున ఇస్త్రీపెట్టె ఆకారం గోధుమరంగులో అచ్చు పడింది.

అత్తగారు నన్నొకసారి చూశారు.  నేను ఈ ఇంటికి వచ్చాక చొక్కా మాడ్చడం అదే మొదలు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

సరిగ్గా అప్పుడే మిషను నీళ్ళు వదిలింది.

మా మిషను గొట్టం గోడలోంచి వెళ్ళి వీధి కాలవలో పడుతుంది. గుమ్మం బయట నిలబడ్డవాళ్ళ కాళ్ళ పక్కనే ఆ కాలవ. మామూలుగా నురగ నురగగా తెల్లటి నీళ్ళు పోతాయి. నేను ఇస్త్రీబల్ల దగ్గర్నించే చూశాను. ముందు నురగ వచ్చింది. దాని వెనక లేత ఆకుపచ్చ. ఆ వెనక చిక్కటి ఆకుపచ్చ. రేవు జట్టు జెండా కరిగి ఆవిర్లు కక్కుతూ మా కాలవలో పారుతోంది.

పై ప్రాణాలు పైనే పోయాయి.

కర్ర పట్టుకున్నవాడు కాలు పక్కకి తీశాడు. "అన్నా, ఇది చూడు."

తాళాలాయన చూశాడు. తొందరపడలేదు. వంగి, కాలవలో వేలు ముంచి, పైకెత్తి చూసుకున్నాడు. "ఏం ఉతుకుతున్నారు పిన్నీ?"

అత్తగారు చెప్పేలోపే నా నోరు జారింది. "పరదాలు. హోటలు వాళ్ళ పరదాలు అన్నయ్యా. ఆకుపచ్చవి. రంగు పోతోంది."

హోటలు నించి పరదాలు రాలేదు. వచ్చినవి దుప్పట్లని ఈ ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకరు నేను. రెండోవారు పొద్దున వాటిని ఒక్కొక్కటీ విప్పి, మరకలు చూసి, తన చేత్తో మిషన్లో వేసిన మా అత్తగారు.

ఆవిడ పిన్ను గుచ్చడం ఆపేశారు. చేతిలో ఉన్న కాలరు కింద పెట్టారు. లేచి, గుమ్మం దాకా వెళ్ళి, ఆ ఆకుపచ్చ నీళ్ళని చూశారు. ఎంతసేపు చూశారో!  బల్ల పట్టుకుని నిలబడ్డాను. నా తమ్ముడి ప్రాణం ఆ ముసలావిడ నాలిక మీద ఉంది. ఆవిడకి నా తమ్ముడంటే ఏమంత ఆపేక్ష? పెళ్ళిలో ఒకసారి చూశారు, అంతే.

"పరదాలే" అన్నారు అత్తగారు. "పాడు రంగు. కొత్తవి కొనే ముందు చూసుకోరు ఈ హోటళ్ళవాళ్ళు."

వెనక్కి వచ్చి కూర్చున్నారు. మళ్ళీ పిన్ను తీశారు.

నాకు ఊపిరి వచ్చింది గానీ అది సగందాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే తాళాలాయన గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. మిగతావాళ్ళని బయటే ఉండమని చెయ్యి చూపించాడు. ఒక్కడే మెల్లగా నడుచుకుంటూ కౌంటరు దాటాడు, ఇస్త్రీబల్ల దాటాడు, నా భుజం పక్కనించి వెళ్ళి ఆరబెట్టే గది తలుపు తోశాడు.

ఆ గదిలో తాళ్ళ మీద వరసలు వరసలుగా దుప్పట్లు వేలాడుతుంటాయి. నేల దాకా జారి ఉంటాయి, మూలనున్న పెద్ద ఫ్యాను గాలికి కదులుతుంటాయి. ఏ దుప్పటి గాలికి కదిలిందో, ఏది మనిషికి కదిలిందో చెప్పలేం. వేడికి నిమిషంలో ఒళ్ళంతా తడిసిపోతుంది. నా తమ్ముడు చివరి వరసలో ఉన్నాడు. వాడు ఊపిరి తీస్తున్నాడో లేదో నాకు తెలీదు. నేనైతే తియ్యడం మానేశాను.

తాళాలాయన దుప్పట్లు తొలగించి చూడలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆయన మొహం మీద చిన్న నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూడగానే ఆయన ఏం చెయ్యబోతున్నాడో నాకు అర్థమైపోయింది. వద్దని అరవాలనిపించింది. అరిస్తే నేనే పట్టిచ్చినట్టు.

స్టేడియంలో వాడు దొరికింది ఎలాగో ఆయనకి తెలుసు కదా. మళ్ళీ అదే వల వేశాడు.

"వంతెన!"

గోడలు అదిరేలా అరిచాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి.

ఆ కేకకి ముందు నా నాలికే కదిలింది. నిజం చెప్తున్నాను, పళ్ళ మధ్య గట్టిగా నొక్కిపెట్టాను, ఉప్పగా రక్తం తగిలింది. కానీ చివరి వరసలో, దుప్పట్ల వెనక, నా తల్లి కడుపున పుట్టిన ఆ దద్దమ్మ…

"సగ—"

"సగమే!"

రెండో గొంతు మొదటిదాని మీద రాయిలా పడింది. అది మా అత్తగారిది.

ఆవిడ ఎప్పుడు లేచి వచ్చారో నేను చూడలేదు. నా వెనకే నిలబడి ఉన్నారు. చేతిలో పిన్ను అలాగే ఉంది.

"అవున్రా, సగమే" అన్నారు. "మిగతా సగం మీద నా పెద్దోడు ఉన్నాడు. దాంతోపాటే నీళ్ళలో పడ్డాడు. నీకు తెలీదూ? పక్కన నిలబడి వెల్డింగు చేసింది నువ్వే కదా? వాడు పోయాడని నాకు వచ్చి చెప్పింది నువ్వే కదా? ఆ తర్వాతే కదా, ఆ పని వదిలేసి తాళాలు పట్టుకున్నావు?"

తాళాలాయన తలుపు మీంచి చెయ్యి తీసేశాడు. ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది.

"ఆ పాట రేవు వాళ్ళు పాడుతున్నారని ఊరంతా కర్రలు పట్టుకుని తిరుగుతున్నారు. బాగానే ఉంది. మరి నా ఇంట్లోకొచ్చి, నా గుమ్మంలో నిలబడి, నువ్వు మొదలుపెట్టావే. నిన్నేం చెయ్యమంటావు? చెప్పు, ఏం చెయ్యను?"

ఆవిడ అంతసేపు మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. ఈ ఇంట్లో వంతెన అన్న మాటే ఎవరూ అనరు. నది అవతలికి వెళ్ళాలంటే 'అటువైపు' అంటారు. కొత్తలో నాకు ఈ సంగతి మా ఆయన చెవిలో చెప్పాడు. మా తమ్ముడికి ఫోన్లో చెప్పబోయాను, "ఆ పాట వద్దురా" అన్నాను. ఎందుకో చెప్పేలోపే, "అక్కా, నువ్వు పార్టీ మారిపోయావే!" అని నవ్వి పెట్టేశాడు. రేవు వాళ్ళందరూ అనుకునేది ఒక్కటే, డబ్బుల్లేక ఆపేశారని. మనుషులు పోయిన చోట మళ్ళీ పని మొదలుపెట్టే గుండె ఈ ఊళ్ళో ఎవరికీ లేదని వాళ్ళకెవరు చెప్పారు?

"తప్పయిపోయింది పిన్నీ" అన్నాడు తాళాలాయన. మళ్ళీ మెల్లటి గొంతు.

తలొంచుకుని నా పక్కనించి వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఆగాడు. వెనక్కి తిరగలేదు. "నీ మొహం చూసి వెళ్తున్నాను. నీ ఇంట్లో నీ మాటే. వీధి చివర మాత్రం మేముంటాం. అక్కడ నా మాట."

విన్నాడు. ఆ సగం మాట ఆయన విన్నాడు.

జనం కదిలిన చప్పుడు వినబడింది గానీ ఎక్కువ దూరం పోలేదు. తాళాలాయన కొట్టు దగ్గర ఆగిపోయింది. పక్క వీధుల్లో డప్పు ఒకటి ఇంకా మోగుతూనే ఉంది. ఈ వీధికి దారి అదొక్కటే. పెరటి వైపు వెళ్ళినా చుట్టూ తిరిగి అక్కడే తేలాలి.

అత్తగారు ఆరబెట్టే గదిలోకి వెళ్ళారు. నేను వెనకాలే పరుగెత్తాను. "అత్తయ్యా, అత్తయ్యా" అంటున్నాను. ఇంకేమీ రావడం లేదు. ఆవిడ ఒక్కో దుప్పటీ ఒక పక్కకి లాగుతూ చివరి వరసకి వెళ్ళారు. నా తమ్ముడు గోడకి అతుక్కుని కూర్చుని ఉన్నాడు. చెమటో కన్నీళ్ళో తెలీకుండా మొహమంతా కారుతోంది. అంత ఎత్తు క్రేను ఎక్కి తిరిగేవాడు, ఆవిడ చీర కుచ్చిళ్ళు చూసి వణికిపోతున్నాడు.

"లే" అన్నారు.

లేచాడు.

"పాడు."

"అత్తయ్యా…"

"మైకు నువ్వే కదా? ఆ వీడియో చిన్నోడు నాకు చూపించాడు. మొహానికి గుడ్డ కట్టుకున్నావు. గొంతుకి కట్టలేదు కదా. పెళ్ళిలో నా చెయ్యి పట్టుకుని, 'మా అక్కకి కోపం ఎక్కువ అత్తయ్యా, కాస్త చూసుకోండి' అన్నావు చూడు. అదే గొంతు. చూసిన రోజే తెలిసింది నాకు."

 ఆవిడకి తెలుసు! ఇన్నాళ్ళూ తెలుసు! పక్కపక్కన నిలబడి దుప్పట్లు మడత పెట్టాం. ఒక కొస ఆవిడ, ఒక కొస నేను. ఒక్క మాట జారలేదు.

"మరెందుకు చెప్పలేదు అత్తయ్యా?" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"చెప్తే చిన్నోడు ఊరుకుంటాడా? నీ కాపురం ఏం కావాలి?" అన్నారు, నా వైపు తిరక్కుండానే. మళ్ళీ వాడితో, "పాడమన్నాను. అక్కడ వేలమంది ముందు పాడావు. ఇక్కడ నేనొక్కదాన్నే" అన్నారు.

వాడు నోరు తెరిచాడు. రాలేదు. మళ్ళీ తెరిచాడు. అంత పెద్ద స్టాండ్‌ని లేపి నిలబెట్టే గొంతు, ఒక చిన్న గదిలో పొడిదగ్గుగా మారి ఆగిపోయింది.

"నాకు తెలీదు అత్తయ్యా. డబ్బుల్లేక ఆపేశారనుకున్నాం. నా ఒట్టు, తెలీదు. అందరూ నవ్వుతారని… ఊరికే…"

"ఊరికే" అన్నారు అత్తగారు. "పెద్దోడు కూడా అంతే. మీ ఊరి మీద వాడు చెప్పిన జోకులు విని నాకు పొట్ట చెక్కలయ్యేది. రేవు వాళ్ళు స్నానం చేస్తే సముద్రం మురికైపోతుందని చెరువులో చేస్తారట. వాడే కనిపెట్టాడు."

ఆవిడ నవ్వారు. నిజంగానే నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు అంతకుముందు వెయ్యని భయం వేసింది. మనిషి ఏమైపోతోందో అనిపించింది.

తర్వాత ఆవిడ ముందు గదిలోకి వచ్చి కౌంటరు కింద సొరుగు తెరిచారు. ఆ సొరుగులో ఏముందో నాకు తెలుసు గానీ నేనెప్పుడూ ముట్టుకోలేదు, మా ఆయన కూడా ముట్టుకోడు. ప్రతి ఏడూ ఆటలు మొదలయ్యే ముందు అత్తగారే తీస్తారు, చల్లనీళ్ళలో ఉతుకుతారు, నీడలో ఆరేస్తారు, మళ్ళీ దాస్తారు. ఎర్ర జెర్సీ. వీపు మీద తెల్లటి దారంతో 'పెద్దోడు' అని కుట్టి ఉంటుంది. ఆ కుట్టు ఆవిడదే. ఆ రోజు పని నించి నేరుగా ఆటకి వెళ్తానని, ఇస్త్రీ చేసి ఉంచమని కౌంటరు మీద పెట్టి వెళ్ళాడట.

"అమ్మాయ్, ఇస్త్రీ పెట్టు" అన్నారు. "ఇది మాత్రం మాడ్చకు."

రెండు చేతులతో పెట్టె పట్టుకున్నాను. ఇస్త్రీ అయ్యాక ఆవిడ దాన్ని ఆరబెట్టే గదిలోకి తీసుకెళ్ళి నా తమ్ముడి ముందు పట్టుకున్నారు. "వేసుకో."

"వద్దత్తయ్యా. నా వల్ల కాదు. నేను వేసుకోకూడదు."

"నీకిష్టమని కాదు వేసుకోమంది. వీధి చివర తాళాలవాడున్నాడు. ఈ వీపు మీద ఏం రాసుందో వాడికి తెలుసు. నేను పక్కన నడుస్తాను. ఆపుతాడో లేదో చూస్తాను." ఆవిడ గొంతు కొంచెం తగ్గింది. "రైల్వే స్టేషన్‌కి దారి వంతెన పక్కనించే. అక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. నువ్వేమీ అనక్కర్లేదు. ఊరికే నిలబడు. చాలు."

ఎన్నేళ్ళకో ఆవిడ నోట 'వంతెన' అన్న మాట వచ్చింది. ఇందాకటి 'సగమే' లాగా కోపంతో రాలేదు.

తమ్ముడు గళ్ళ చొక్కా విప్పాడు. జెర్సీ తలమీదనించి వేసుకున్నాడు. భుజాల దగ్గర కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అత్తగారు వాడి వెనక్కి వెళ్ళి, వీపు మీద ముడత ఒకటి చేత్తో సర్దారు. చెయ్యి తియ్యలేదు. అక్కడే ఉంచేశారు. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను.

అందుకే వీధిలో డప్పు ఆగిపోయిన సంగతి ఆలస్యంగా గమనించాను.

డప్పు కొట్టేది మా ఆయన. ఎర్రజట్టు స్టాండ్‌లో మొదటి వరస ఆయనదే. పొద్దున బయల్దేరే ముందు కూడా ఆ వీడియో మళ్ళీ పెట్టుకుని విని, "ఈ గొంతు నిద్రలో విన్నా పట్టేస్తాను, మళ్ళీ పాడనివ్వను" అని నాతో అని వెళ్ళిన మనిషి. పెళ్ళి హడావిడిలో విన్న నా తమ్ముడి గొంతు మాత్రం ఆయనకి గుర్తు లేదు. సాయంత్రం నించీ వీధులన్నీ గాలిస్తున్నాడు. ముందు గుమ్మం వైపు చూశాను, ఎవరూ లేరు. మా ఆయన ఎప్పుడూ పెరటి తలుపునించే వస్తాడని అప్పుడు గుర్తొచ్చింది.

తిరిగి చూసేసరికి పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఆయన నన్ను చూడటం లేదు. వాళ్ళ అమ్మని చూడటం లేదు. ఆవిర్లలో, ట్యూబులైటు కింద, అటు తిరిగి నిలబడ్డ ఒక ఎర్ర జెర్సీని చూస్తున్నాడు. దాని వీపు మీద ఉన్న పేరుని, ఆ పేరు మీద ఉన్న అమ్మ చేతిని చూస్తున్నాడు. భుజానికి ఉన్న డప్పు జారి కింద పడింది. ఆయన వంగి తియ్యలేదు.

"అన్నయ్యా?" అన్నాడు.

అంత మెత్తటి గొంతు మా ఆయనలో ఉందని నాకు అంతవరకూ తెలీదు. పసిపిల్లాడి గొంతు.  ఆ పిలుపుకి ఎవరైనా పలక్కుండా ఎలా ఉంటారు? పలికితే ఏమవుతుంది? ఊరంతా వెతుకుతున్న గొంతు, ఆ జెర్సీలోంచి, ఆయన చెవిలో పడుతుంది.

పలకొద్దురా అని కళ్ళతో బతిమాలాను. అత్తగారి వేళ్ళు వాడి వీపు మీద బిగుసుకున్నాయి. అయినా ఎవరైనా పిలిస్తే, పలక్కుండా ఊరుకోవడం నా తమ్ముడికి పుట్టినప్పట్నించీ చేతకాదు.

వాడు నోరు తెరిచాడు.